వంద గజాల ఇల్లు, ఎనభై టన్నుల మలబా



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కూల్చి చూడమని మాత్రం అనలేదు. వాళ్ల కాలంలో కూల్చడం అంత పెద్ద పని కాదేమో. మట్టి గోడ మట్టిలో కలిసేది. దూలాలు ఇంకో ఇంటికి చేరేవి. పెంకులు పశువుల కొట్టం మీదికెక్కేవి. మిగిలేదంటూ పెద్దగా ఉండేది కాదు. ఇవాళ సికింద్రాబాద్ చిలకలగూడలో వంద గజాల జాగాలో ఉన్న ఒక డాబాని కూల్చితే మిగిలేది సుమారు ఎనభై టన్నులు. మన హైదరాబాద్ భాషలో మలబా. పేపర్ల భాషలో నిర్మాణ వ్యర్థాలు. ఈ ఎనభై టన్నులు ఎక్కడికి పోతున్నాయి, వాటిలోంచి మళ్లీ ఇటుక తీయడం ఎంతవరకూ కుదురుతుంది అన్న సంగతి ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు లెక్క చెప్తాను, లేకపోతే ఎనభై టన్నులంటే అతిశయోక్తి అనుకుంటారు. టైఫాక్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వేసిన అంచనా ప్రకారం పక్కా ఇల్లు కూలిస్తే చదరపు మీటరుకు 500 కిలోల దాకా వ్యర్థం వస్తుంది. కొత్తగా కట్టేటప్పుడు పడేది 40 నుంచి 60 కిలోలే. వంద గజాలంటే సుమారు 84 చదరపు మీటర్లు. కింద ఒక వాటా, పైన ఒక వాటా, సందు వదిలింది తీసేస్తే నూట యాభై, నూట అరవై చదరపు మీటర్ల కట్టడం. అయిదు వందలతో హెచ్చవేయండి, 75 నుంచి 80 టన్నులు తేలుతుంది. ట్రాలీ ఆటోలో టన్ను పడుతుందనుకుంటే డెబ్బై, ఎనభై ట్రిప్పులన్న మాట.

చిలకలగూడనే ఎందుకు ఎంచుకున్నానంటే ఈ ట్రిప్పుల సమస్య అక్కడ బాగా కనిపిస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్లో పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు బయటికొచ్చిన వాళ్లకు చిలకలగూడ నడక దూరం. చుట్టూ మెట్టుగూడ, సీతాఫల్‌మండి, నామాలగుండు, వారాసిగూడ. రైల్వే కొలువుల చుట్టూ పెరిగిన పాత బస్తీలివి. జాగాలు చిన్నవి, గల్లీలు ఇరుకు, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. తాతల నాటి పెంకుటిళ్లు, తండ్రుల నాటి డాబాలు ఒకదాని తర్వాత ఒకటి లేచిపోతున్నాయి. వాటి జాగాలో కింద బండ్లు నిలుపుకోవడానికి పిల్లర్లు, పైన మూడో నాలుగో అంతస్తులు. గల్లీలోకి టిప్పర్ రాదు. కాబట్టి మలబా చిన్న చిన్న బండ్లలో, చాలాసార్లు పొద్దు గుంకాక బయటికి వెళ్తుంది. రాత్రి వెళ్లే బండి ఎంత దూరం వెళ్తుందో మీరే ఊహించుకోండి.

పెద్ద కూల్చివేత కూడా ఆ పక్కనే జరిగింది. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు, అంచనా వ్యయం 700 కోట్ల పైచిలుకు. 2025 ఫిబ్రవరిలో మనందరికీ తెలిసిన ఆ పాత ముఖద్వారం నేలమట్టమైంది. పేపర్లలో ఫోటోలు వచ్చాయి, జనం జ్ఞాపకాలు చెప్పుకున్నారు. వంద గజాల ఇంటికి ఫోటో ఉండదు. కానీ అలాంటి ఇళ్లు నగరంలో రోజూ కూలుతూనే ఉంటాయి. నన్నడిగితే అసలు సమస్య అక్కడుంది.

ఒక ఇల్లు ఎలా కూలుతుందో చూడండి. కూల్చేవాడితో బేరం కుదరగానే ముందు పోయేవి తలుపులు, కిటికీలు. టేకువైతే వాటికి మంచి ధర. తర్వాత రేకులు, పైపులు, కరెంటు వైర్లలోని రాగి. ఆ తర్వాత స్లాబులోని ఇనుము. బ్రేకర్ పెట్టి కాంక్రీటు పగలగొట్టేది ఇనుప చువ్వల కోసమే. అంటే మన దగ్గర రీసైక్లింగ్ లేదనడం సరికాదు. ధర పలికే ప్రతి వస్తువునూ మన వాళ్లు ఎప్పుడో రీసైకిల్ చేసేశారు. చట్టాలు రాకముందే పాత కర్ర అడితీలున్నాయి, పాత ఇనుము దుకాణాలున్నాయి. మిగిలిపోయేది ధర లేని సరుకు. కాంక్రీటు పెళ్లలు, ఇటుక ముక్కలు, గచ్చు, మట్టి.

ఇటుకకు ఒకప్పుడు ధర ఉండేది. గానుగ సున్నంతో కట్టిన గోడ విప్పితే ఇటుక ఇటుకగా ఊడొస్తుంది. సున్నం ఇటుక కంటే మెత్తన కాబట్టి దెబ్బ తగిలితే సున్నమే విడిపోతుంది. సుత్తితో నాలుగు తట్టులు తడితే ఇటుక శుభ్రం. అదే సిమెంటు గోడ అయితే సిమెంటు ఇటుక కంటే గట్టిది, ముందు ఇటుకే పగులుతుంది. పాత పెంకుటింటి ఇటుక ఇంకో గోడకెక్కుతుంది, ఎనభైల నాటి డాబా ఇటుక ముక్కలైపోతుంది. గట్టిగా కట్టామని మురిసిపోయాం, విప్పే రోజు ఒకటుంటుందని తలచుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బెర్లిన్‌లో ఆడవాళ్లు వీధుల్లో కూర్చుని సుత్తులతో ఇటుకలకు అంటిన సున్నం రాల్చి, వాటితోనే మళ్లీ గోడలు లేపారు. పనికిరాని శిథిలాల్లో చాలా భాగం ఒక చోట పోస్తే టాయ్‌ఫెల్స్‌బెర్గ్ అనే కొండే తయారైంది. ఇవాళ జనం దాని మీద షికారుకు వెళ్తారు.

మన దగ్గర అలాంటి కొండలు లేవు, ఉన్న చెరువులు పూడ్చుకున్నాం. ధర లేని సరుకు పోయడానికి పల్లం కావాలి. పల్లం అంటే చెరువు శిఖం, నాలా ఒడ్డు, మూసీ గట్టు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన హైదరాబాద్ వాళ్లెవరూ మరిచిపోరు. కాలనీలకు కాలనీలు మునిగాయి. ఆ వరదకు కారణం మలబా ఒక్కటే అనను. వానే అసాధారణమైన వాన. కానీ నీళ్లు పారాల్సిన దారిలో మన పాత ఇళ్ల గోడలు కూడా ఉన్నాయన్నది నిజం. ఆక్రమణలు కూల్చినా అదే తంతు. చెరువులో మట్టి పోసి కట్టిన దాన్ని కూల్చితే ఆ శకలాలు మళ్లీ చెరువు ఒడ్డునే పడి ఉంటాయి, ఎవరో ఒకరు పూనుకుని తీస్తే తప్ప.

ఆ 2020 మన నగరానికి ఈ విషయంలో ముఖ్యమైన ఏడాది. జూలైలో పాత సచివాలయం కూల్చారు. అక్టోబరులో వరద. నవంబరులో జీడిమెట్లలో నిర్మాణ వ్యర్థాల రీసైక్లింగ్ ప్లాంటు మొదలైంది. నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ ఒక ప్రైవేటు సంస్థతో కలిసి పెట్టింది, రోజుకు 500 టన్నుల సామర్థ్యం. తర్వాత నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో అంతే సామర్థ్యంతో ఇంకోటి, ఆపైన శంషాబాద్, తూంకుంట వైపు కూడా వచ్చాయి. మన దేశంలో ఈ దారిలో మొదట నడిచింది ఢిల్లీ. బురాడీలో 2009 ప్రాంతంలో ప్లాంటు పెట్టారు.

ప్లాంటులో ఏం జరుగుతుందో వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇదేదో పాత ఇటుకల్ని అతికించే పని అనుకుంటారు. బండి రాగానే ముందు తూకం. తర్వాత మనుషులు నిలబడి కర్ర ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, గుడ్డలు, థర్మకోల్ ఏరి పక్కన పడేస్తారు. పెద్ద పెళ్లల్ని యంత్రంతో పగలగొట్టి తొట్టిలో వేస్తారు. జల్లెడ మీద ముందు మట్టి రాలిపోతుంది. మిగిలింది దవడ లాంటి క్రషర్లో నలుగుతుంది. పైన వేలాడే అయస్కాంతం చువ్వ ముక్కల్ని లాగేస్తుంది. ఆ తర్వాత నీళ్లు. జీడిమెట్ల లాంటి చోట నీటితో కడిగే పద్ధతి వాడతారు. తేలికవి పైకి తేలి పోతాయి, బరువైన కంకర కిందికి దిగుతుంది, ఇసుక వేరే దారి పడుతుంది, సన్నటి బురద ఇంకో చోట పేరుకుంటుంది. ఆ బురదను పిండి నీటిని మళ్లీ వాడుకుంటారు. చివరికి చేతికొచ్చేది ఇరవై మిల్లీమీటర్ల కంకర, పది మిల్లీమీటర్లది, చిప్స్, ముతక ఇసుక, సన్న ఇసుక.

ఇటుక తయారయ్యేది ఆ తర్వాత. ఇసుక, చిప్స్, సిమెంటు, నీళ్లు కలిపి అచ్చులో పోసి, యంత్రం గట్టిగా అదురుతూ నొక్కుతుంది. బయటికొచ్చిన బిళ్లను ఎండలో పెట్టరు, నీళ్లు పడతారు. కొలిమి లేదు, బొగ్గు లేదు, చెరువు మట్టి తవ్వడం లేదు. మామూలు ఎర్ర ఇటుకను వెయ్యి డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ ఖర్చూ ఆ పొగా ఇక్కడ ఉండవు. అలాగని ఇది పూర్తిగా పచ్చటి సరుకని ప్రచారం చేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇందులో సిమెంటు ఉంది, సిమెంటు తయారీకీ పెద్ద కొలిమే కావాలి. ఆదా అయ్యేది ప్రధానంగా రాయీ, ఇసుకా, పోసే జాగా.

రాయి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. హైదరాబాద్ చుట్టూ మనం క్వారీల్లో పేల్చి కంకర చేస్తున్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దాంతో కట్టే ఇల్లు నలభై ఏళ్లకే కూలుతోంది. ఆ కంకర పాడవదు. స్లాబు పగలగొట్టి చూస్తే లోపలి రాయి చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని చుట్టూ పాత సిమెంటు పొర అంటుకుని ఉంటుంది, అంతే. ఆ పొర వల్ల ఒక ఇబ్బంది ఉంది. అది నీళ్లు పీలుస్తుంది. కొత్త గ్రానైటు కంకర ఒక శాతం నీరు కూడా పీల్చదు, పాత కాంక్రీటు కంకర దానికి కొన్ని రెట్లు పీలుస్తుంది. అందుకే ముందే తడిపి వాడాలి. అందుకే ప్రమాణాలు కూడా హద్దు పెట్టాయి. 2016లో సవరించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం చువ్వలు వేసే కాంక్రీటులో ఇలాంటి కంకరను 20 శాతం మించి వాడకూడదు, అదీ ఎం-25 అనే బలం గ్రేడు దాకానే. చువ్వలు లేని కాంక్రీటులో 25 శాతం. పునాది కింద పోసే పల్చని కాంక్రీటులో మొత్తం ఇదే వాడొచ్చు. ఇక ప్రహరీ గోడ ఇటుకలు, ఫుట్‌పాత్ బిళ్లలు, రోడ్డు పక్క రాళ్లు, వీటికి ఈ సరుకు దివ్యంగా సరిపోతుంది. మీరు నడిచే ఫుట్‌పాత్ ఎవరి పడకగది గోడో అయ్యుండొచ్చు.

ఇలా పాతదాన్ని కొత్తదానిలో కలపడం మనకు కొత్త కాదు. కాల్చిన మట్టి పొడిని సున్నంలో కలిపితే అది సిమెంటులా గట్టిపడుతుందని మన మేస్త్రీలకు ఎప్పుడో తెలుసు. సుర్కీ అనేవారు. తుంగభద్ర ఆనకట్ట కట్టడంలో కూడా సుర్కీ వాడారు. అయితే పాత కట్టడం నుంచి రాయి పట్టుకెళ్లడం ప్రతిసారీ మంచి పని కాదని గుర్తు చేసే ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కడుతుంటే రాళ్ల కోసం దీపాలదిన్నె అనే గుట్టను తవ్వారు. అది బౌద్ధుల మహాస్తూపం. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించేసరికి చాలా ఫలకాలు గోడల్లోకి, మెట్లలోకి వెళ్లిపోయాయి. కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. కాబట్టి నాకు రీసైక్లింగ్ మీద గౌరవమే గానీ భక్తి లేదు. ఏది కూల్చాలి అన్న ప్రశ్న తేలాకే దేన్ని నూరాలి అన్న ప్రశ్న.

మరి ప్లాంట్లు వచ్చాయి, పద్ధతి తెలిసింది, ప్రమాణాలున్నాయి. అయినా మీలో ఎంతమంది ఇల్లు ఈ ఇటుకతో కట్టారు? ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020లో ఒక లెక్క చెప్పింది. దేశంలో ఏటా 15 కోట్ల టన్నుల నిర్మాణ వ్యర్థాలు వస్తున్నాయని అంచనా, అందులో రీసైకిల్ అయ్యేది ఒక్క శాతం. 2017 నాటికి 53 నగరాల్లో ప్లాంట్లు రావాల్సి ఉండగా 2020 దాకా వచ్చింది 13 నగరాల్లోనే. ఆ లెక్కన హైదరాబాద్ మరీ వెనకబడి లేదు. కానీ ప్లాంటు ఉండటం వేరు, దాని కడుపు నిండటం వేరు, దాని సరుకు అమ్ముడుపోవడం వేరు.

అమ్మకం దగ్గర ఒక అడ్డంకి మన ఇళ్లలోనే ఉంది. పాత ఇంటి సామాను కొత్త ఇంటికి పనికిరాదని వాస్తు చెప్పేవాళ్లు చాలామంది అంటారు. ఎవరింటి ఇటుకో, ఆ ఇంట్లో ఏం జరిగిందో అని శంక. దీనితో వాదన పెట్టుకోవడం దండగ. ఎందుకంటే ఇలాంటి శంకలు ధర చూసి మెత్తబడతాయని మనకు అనుభవమే. బూడిద ఇటుక సంగతి గుర్తు చేసుకోండి. బూడిదతో ఇల్లేమిటి, అశుభం అన్న రోజులున్నాయి. 1999 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ తెచ్చింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకలు చేసేవాళ్లు కనీసం నాలుగో వంతు బూడిద కలపాలంది. తర్వాత ఆ దూరం 100 కిలోమీటర్లయింది, 2016లో 300 అయింది. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం కేంద్రాల బూడిద లారీలకెక్కింది. ఇవాళ అపార్ట్‌మెంట్ గోడ ఫ్లైయాష్ ఇటుకతో కట్టారని ఎవరూ ఉలిక్కిపడరు. చట్టం గట్టిగా నిలబడింది, సరుకు చౌకగా వచ్చింది, శంక తనంతట తానే సర్దుకుంది.

మలబా ఇటుకకూ చట్టం ఉంది. 2016 మార్చిలో వచ్చిన నిబంధనలు రోజుకు 20 టన్నులు గానీ, ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు గానీ వ్యర్థం తీసేవాళ్లు దాన్ని నాలుగుగా విడదీయాలన్నాయి. కాంక్రీటు ఒకటి, మట్టి ఒకటి, ఇనుము, కర్ర, ప్లాస్టిక్ ఒకటి, ఇటుకా గచ్చూ ఒకటి. ముందుగానే మున్సిపాలిటీకి ప్రణాళిక ఇచ్చి అనుమతి తీసుకోవాలన్నాయి. మున్సిపల్, ప్రభుత్వ పనుల్లో పది నుంచి ఇరవై శాతం ఈ సరుకు కొనాలన్నాయి. 2025లో కొత్త నిబంధనలు ప్రకటించారు, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ. వీటిలో పెద్ద బిల్డర్ల మీద బాధ్యత గట్టిగానే పెట్టారు, 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు.

ఇప్పుడు మన వంద గజాల ఇంటి దగ్గరికి రండి. దాని కట్టడం నూట యాభై చదరపు మీటర్లు. అలాంటివి నూట ముప్పై ఇళ్లు కలిస్తే గానీ ఆ 20,000 గీత దగ్గరికి రావు. ఎనభై టన్నులు 2016 నాటి 300 టన్నుల గీతకు కూడా చాలా కింద. ఇల్లు నాలుగు రోజుల్లో కూలిస్తే రోజుకు సరిగ్గా 20 టన్నులు, అయిదు రోజులు చేస్తే ఆ గీతా తగలదు. ఇంకా చిన్న ఇల్లయితే మరీ విచిత్రం. 2020లో తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు జాగాలో కట్టే చిన్న ఇళ్లకు అనుమతి అక్కర్లేదంది. రూపాయి కట్టి ఆన్‌లైన్లో రిజిస్టరు చేసుకుంటే చాలు. పేదవాడికి అది నిజంగా మేలు, దాన్ని తప్పుపట్టను. కానీ పాత ఇల్లు ఎటు పోయిందని అడిగే కిటికీ ఒక్కటీ లేకుండా పోయింది. చిలకలగూడ, వారాసిగూడ, నామాలగుండు, ఇలాంటి బస్తీల మలబా అంతా గీత కింది నుంచే పోతుంది.

దూరం ఇంకో సమస్య. జీడిమెట్ల నగరానికి ఆ కొస, ఫతుల్లాగూడ ఈ కొస. టన్ను బరువు ట్రాలీ ఆటోలో వేసుకుని అంత దూరం పోయి తూకం వేయించుకునే ఓపిక ఎవరికుంటుంది? జీహెచ్‌ఎంసీకి ఫోన్ చేస్తే డబ్బు తీసుకుని బండి పంపే ఏర్పాటుంది. ఆ డబ్బు, ఆ ఎదురుచూపు, నాలా పక్కన ఊరికే పోసే బండివాడి ధరతో పోటీ పడాలి. పోటీలో ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు. ప్లాంటు ఎంత గొప్పదైనా సరుకు దాని గుమ్మం దాకా రావాలి కదా.

వచ్చినా ఎలా వస్తుందన్నది మరీ ముఖ్యం. ఇటుక నాణ్యత ప్లాంటులో కాదు, కూల్చే చోటే తేలిపోతుంది. ఈ మధ్య ఇళ్లలో జిప్సం సీలింగులు ఎక్కువయ్యాయి. ఆ జిప్సం కంకరలో కలిస్తే అందులోని సల్ఫేటు సిమెంటుతో చర్య జరిపి లోపల ఉబ్బుతుంది, ఇటుక పగుళ్లిస్తుంది. పాత ఆస్‌బెస్టాస్ రేకు అయితే అసలు నూరకూడదు, ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాలకే చేటు. బాత్రూం టైల్స్, గాజు, ప్లాస్టిక్ సంచులు మట్టితో కలిపి ఒకే జేసీబీ బొచ్చెతో ఎత్తితే, ఆ తర్వాత ఏ యంత్రమూ దాన్ని పూర్తిగా విడదీయలేదు.

కాబట్టి ఇల్లు కూల్చబోయేవాళ్లు కూల్చేవాడితో బేరమాడేటప్పుడు ఇంకో మాట కలపండి. సీలింగు ముందు విప్పి వేరే సంచుల్లో పెట్టమనండి. రేకుల్ని పగలగొట్టకుండా బోల్టులు విప్పి దించమనండి. స్లాబు పెళ్లలు ఒక కుప్ప, గోడ ఇటుక ఒక కుప్ప, తవ్విన మట్టి ఒక కుప్ప. అతనికి దీనికి ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుంది, దానికి కూలి ఇవ్వాల్సిందే. ఇంట్లో టేకు తలుపులుంటే ఆ కూలి వాటి ధరలోనే సర్దుకోవచ్చు. మట్టి చాలావరకు మీ కొత్త పునాది పూడ్చడానికే పనికొస్తుంది, దాన్ని డబ్బిచ్చి బయటికి పంపి మళ్లీ డబ్బిచ్చి మొరం తెప్పించుకోవడం నేను చాలా ఇళ్ల దగ్గర చూశాను.

మున్సిపాలిటీ చేయాల్సింది ఇంకోటుంది. ప్రతి బస్తీకి ప్లాంటు అక్కర్లేదు. గల్లీ మొగలో పెట్టి, నిండగానే లారీ ఎత్తుకుపోయే ఇనుప డబ్బా ఒకటి చాలు. ట్రాలీ ఆటో అక్కడ దించితే నగరం ఆ కొసకు పోనక్కర్లేదు. దాని ఖర్చు పది ఇళ్లవాళ్లు పంచుకుంటే ఒక్కొక్కరికి పడేది తక్కువ. ఇక ఆ రూపాయి రిజిస్ట్రేషన్ ఉంది చూశారూ, అందులో పాత ఇంటి మలబా ఏ ప్లాంటుకు ఎన్ని టన్నులు వెళ్లిందో తూకం చీటీ నంబరు వేయడానికి ఒక గడి చేర్చొచ్చు. చీటీ తెచ్చినవాడికి అదే ప్లాంటు ఇటుక కొంత తగ్గింపు ధరకు ఇవ్వొచ్చు. ప్రహరీకి ఎలాగూ ఇటుక కావాలి కదా.